గైరుహాజరు, బర్తరఫు

తిరుప్పూరులోని బనియన్ కంపెనీలలో నొక మాట తఱచుగా వినబడుచుండును. “మేము తీసివేయలేదు, వాడే నిలిచిపోయినాడు.” పనిపోయిన కార్మికునిగూర్చి యజమానిపక్షమువారు మొదట చెప్పు సంజాయిషీ యిది. లేబరు ఆఫీసరు పిలిచి యడిగినను ఇదియే జవాబు. లేబరు కోర్టులో కౌంటరు దాఖలు చేయవలసివచ్చినను ఇదియే వాదము. మాటలో తప్పేమియు లేనట్లే కనబడును. పనికి రానివాడు పని మానుకొన్నవాడే గదా యని వినువారికి తోచును. ఈ రెండింటికిని గల భేదమును మఱచుటవలన నెన్నియో యేండ్ల సర్వీసు ఒక్క కలపుగీతతో మాసిపోవుచున్నది. ఈ విషయమును చెన్నపట్టణమునందలి తెలుగు వకీళ్లును, ఆడిటర్లును, కంపెనీ మేనేజర్లును విశేషముగా విచారింపవలసియున్నదని మేము తలంచుచున్నాము. ఏలయన, అచ్చట వాడబడు నోటీసులలో ననేకములు ఇచ్చట మన బల్లలమీదనే తయారగుచున్నవి.

గడచిన యుగాదికి కొలదిదినములముందు తిరుప్పూరునుండి యొక కార్మికుడు కాగితముల కట్టతో మాయొద్దకు వచ్చెను. ఇంట మాటాడునది తెలుగు. చదువుటయు వ్రాయుటయు తమిళము. ఆ ప్రాంతపు తెలుగువారి స్థితి సామాన్యముగా నట్టిదే. మధుర నాయకరాజుల కాలమునుండి కొంగునాటను, దానికి దక్షిణమునను స్థిరపడిన కుటుంబములలో భాష నోటిమీద నిలిచినది గాని లిపి నిలువలేదు. ఇతని స్వగ్రామము కోవిల్‌పట్టి దాపున నున్న పల్లె. ఒక కంపెనీలో ఓవర్‌లాక్ మిషనుమీద నాలుగేండ్ల మూడునెలలు పనిచేసినాడు. తల్లి జారిపడి తుంటి యెముక విరిగినదని రాత్రివేళ కబురు రాగా, సూపర్‌వైజరునకు ఫోనుచేసి చెప్పి, తెల్లవారుజాము బస్సెక్కెను. ఆసుపత్రి, శస్త్రచికిత్స, అప్పు, మరల యింటికి చేర్చుట, వీనితో పదునాఱు దినములు గడచెను. తిరిగివచ్చుసరికి గేటుకడ కాపలావాడు “నీ పేరు లేదు” అనెను. తొమ్మిదవ దినముననే మస్టర్ రోలునుండి పేరు కొట్టివేసిరట. తిరుప్పూరులో నతడద్దెకుండిన గదికి రిజిస్టరు జాబొకటి పంపిరట. గది తాళమువేసి యుండుటచే నది వచ్చినదారినే పోయెను. దాని నకలు నతడెట్లో సంపాదించి తెచ్చెను. జాబు ఇంగ్లీషులో నున్నది. “మీ యంతట మీరే యుద్యోగమును విడిచిపోయినందున” అని దాని మొదటి వాక్యము. మేము దాని నర్థముచేసి చెప్పగా నతడు మామీదనే కోపించినట్లు, “నేనెప్పుడు విడిచినానయ్యా? అమ్మను చూడబోతిని గదా!” యనెను.

యజమానుల కష్టము మేమెఱుగనిది కాదు. తిరుప్పూరు పని గడువు పని. కటింగు ముగిసి, కుట్టు సగములోనుండగా నలుగురు టైలర్లు రాకున్నచో వెనుకనున్న చెకింగువారును, ఇస్త్రీవారును చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. ఓడమీద పోవలసిన సరకు విమానముమీద పోవలసివచ్చిన యెడల నా యార్డరులోని లాభమంతయు నాకాశమున గలియును. దీపావళికి బోనసు పుచ్చుకొని యూరికి పోయినవారిలో నెందఱు, ఏ దినమున తిరిగివత్తురో చెప్పగలవాడు లేడు. పక్క కంపెనీవాడు అడ్వాన్సు చూపి పిలిచిన చెప్పకయే పోవువారును గలరు. గేట్లమీద “టైలర్లు కావలెను” అను పలకలు వ్రేలాడుచుండు నూరిలో నిదియేమంత వింత? పొల్లాచికి పళనికి నడుమ 1920లో మొదటి బస్సు నడపిన జి. డి. నాయుడుగారి కాలనియమమునుగూర్చి కోయంబత్తూరు తెలుగువారు నేటికిని గర్వముతో చెప్పుకొందురు. గడియారమును లెక్కచేయనిచో పరిశ్రమ నిలువదను మాటను మేమును ఒప్పుకొందుము. కావున సెలవు చెప్పకయే మాటిమాటికి ఎగవేయువానిని శిక్షింపరాదనిగాని, అవసరమైనచో బర్తరఫు చేయరాదనిగాని మేమనుటలేదు. శిక్షింపదలచినచో శిక్షింపుమనియే మా వాదము. శిక్షించుచు, శిక్షింపలేదని చెప్పుట మాత్రము తగదు.

ఈ నటన యేల పుట్టినదో తెలియుటకు పూర్వచట్టములను కొంచెము తిరుగవేయవలసియుండును. ఒకానొకప్పుడు మన దేశమున గైరుహాజరు నేరముగానుండెను. అడ్వాన్సు పుచ్చుకొని పనికి రాని కూలివానిని మేజిస్ట్రేటునెదుట నిలువబెట్టి జైలుకంపుటకు 1859వ సంవత్సరపు పదుమూడవ చట్టము అధికారమిచ్చెను. అది మొదట వెలసినది మూడు రాజధానీ నగరముల యవసరముకొఱకు. చెన్నపట్టణము వానిలో నొకటి. 1925లో ప్రత్యేకముగా నొక రద్దుచట్టము చేసినగాని యది పోలేదు. పనికి రానివాడు దోషియని యానాటి భావన. క్రూరమైనదే, అయినను దోషియనినప్పుడు వానిని కోర్టుకు తీసికొనిపోవలెను, వాడును నాలుగుమాటలు చెప్పుకొనుట కవకాశముండెను.

1946వ సంవత్సరపు స్టాండింగ్ ఆర్డర్ల చట్టముతో మార్గము రెండుగా చీలెను. దాని క్రింద కేంద్రప్రభుత్వమువారు ప్రకటించిన నమూనా నిబంధనలలో నొకచోట, సెలవు లేకుండ 10 దినములకు మించి రాకుండుట దుష్ప్రవర్తన యని చెప్పబడినది. దుష్ప్రవర్తన యన్నప్పుడు ఆరోపణపత్రము, సంజాయిషీ, విచారణ యన్నియు నుండవలెను. మఱియొకచోట, సెలవు ముగిసిన 8 దినములలోపల తిరిగివచ్చి తగిన కారణము చెప్పనివానికి ఉద్యోగమునందలి హక్కు పోవునని వ్రాయబడెను. మొదటి ద్వారమున ప్రశ్న యున్నది. రెండవద్వారమున క్యాలెండరు మాత్రమే యున్నది. ఏ యజమాని యే ద్వారమున పోవునో వేఱుగ చెప్పనక్కఱలేదు. కంపెనీలు తమ సొంత నిబంధనలు వ్రాయించుకొనునపుడు ఈ రెండవదానిని మఱింత బిగించి, “తానే విడిచినట్లు భావింపబడును” అను మాటను చేర్చిరి. భావించువాడు యజమాని, భావింపబడు మనస్సు కార్మికునిది.

ఈ నిబంధన దెబ్బ తగిలిన మొదటివారిలో నొకడు మన చెన్నపట్టణపు తెలుగు కార్మికుడే యగుట యిచ్చటి పాఠకులు జ్ఞాపకముంచుకొనదగినది. పెరంబూరులోని బకింగ్‌హాం కర్నాటిక్ మిల్లులో పనిచేయుచుండిన యతడు 1957 జనవరిలో సంక్రాంతికి సెలవు పుచ్చుకొని యూరికి పోయెను. అచ్చట జబ్బుపడెను. మార్చినెలలో కోవూరు ప్రభుత్వ వైద్యుని సర్టిఫికెటుతో జాబు వ్రాసి, పిదప స్వయముగా వచ్చి నిలిచెను. మిల్లు నిబంధన ప్రకారము వరుసగా ఎనిమిది పనిదినములు రానివాడు నోటీసు లేకుండ కొలువు విడిచినవాడే. కంపెనీ వైద్యాధికారి యతనిని పరీక్షించి, అంతకాలము జబ్బుగానుండెనని తాను నిర్ధారింపజాలననెను. వ్యవహారము సుప్రీంకోర్టువఱకు పోయెను. 1963లో ఆ కోర్టువారు, ఉద్యోగమును వదలుకొనుట మనోనిశ్చయమునకు సంబంధించిన విషయమనియు, తగిన సాక్ష్యము లేక దాని నారోపింపరాదనియు ఒప్పుకొనుచునే, సర్టిఫైచేయబడిన నిబంధనలో నట్లున్నప్పుడు ధర్మాధర్మ విచారణకు తావులేదని కంపెనీపక్షమున తీర్పుచెప్పిరి. ఆ మిల్లు 1996లో మూతపడినది గాని యా తీర్పునీడ మాత్రము చాలకాలము నిలిచెను. ఒక్క విషయము మాత్రము ఆ కంపెనీకి న్యాయముగా చెప్పవలెను. తిరిగివచ్చినవానిని వారు గేటుకడనుండియే వెళ్లగొట్టలేదు. డాక్టరుచేత పరీక్ష చేయించి, కాగితము చూచిరి. మా యొద్దకు వచ్చిన తిరుప్పూరు కార్మికునకు నేటికాలమున నా పాటి మర్యాదయు దక్కలేదు.

ఆ నీడను తొలగించిన తీర్పు ముప్పదేండ్లకు వచ్చెను. హర్యానాలోని జె. ఎం. ఏ. ఇండస్ట్రీస్‌లో నొక కార్మికుడు 1980 డిసెంబరు 3వ తేదీనుండి ఎనిమిది దినములకు మించి రాలేదనియు, కావున తానే విడిచినట్లే యనియు ఆ నెల 12వ తేదీన జాబు పుట్టెను. తాను ప్రతిదినమును వచ్చుచునే యుంటిననియు, గేటులోనికి రానీయక, హాజరుపట్టీలో చేవ్రాలు చేయనీయకపోయిరనియు నతడు మొఱపెట్టుకొనెను. లోనికి పోనీయనివారే రాలేదని వ్రాసికొను నీ పద్ధతి యొక్క హర్యానాకే పరిమితమని మన పాఠకులు తలంపకుందురుగాక. 1993 మే నెలలో ముగ్గురు న్యాయమూర్తుల బెంచివారు, కొలువు తీసివేయుట జీవనాధారమును తీసివేయుట యనియు, రాజ్యాంగపు 14, 21 అధికరణముల క్రింద దానికి ముందు సంజాయిషీ యడిగి విచారింపవలెననియు, నిబంధనలో నా మాట లేకున్నను ఉన్నట్లే చదువుకొనవలెననియు తీర్మానించిరి. ఆ తీర్పును వ్రాసినవారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండి సుప్రీంకోర్టునకు వెళ్లిన జస్టిస్ కె. రామస్వామిగారు. కార్మికునకు తిరిగి పనియు, సగము వెనుకటి జీతమును లభించెను. ఒక్క ప్రశ్న అడుగనందులకు పండ్రెండున్నర సంవత్సరములు పట్టెను.

యజమానుల వకీళ్లు దీనికి ప్రతిగా బ్యాంకు తీర్పులను చూపుదురు. మేమును చూపుదుము. 2000వ సంవత్సరపు సిండికేట్ బ్యాంకు కేసులో గైరుహాజరైనవాని యుద్యోగము పోవుటను సుప్రీంకోర్టువారు సమర్థించిరి. కాని యచ్చటి ఒప్పందమెట్టిది? 90 దినములు వరుసగా రానివానికి, 30 దినములలో వచ్చి చేరుమని నోటీసీయవలెను. ఆ నోటీసును రిజిస్టరు పోస్టులో పంపిరి. అతడు పుచ్చుకొననని త్రిప్పివేసెను. అడిగినను పలుకనివాడొకడు, అడుగబడనివాడొకడు, వీరిరువురును నొకటియా? 2012లో మఱియొక కేసున, తప్పించుకొనరాని పరిస్థితులవలన రాలేకపోయినవాని గైరుహాజరు బుద్ధిపూర్వకము కాదనియు, బుద్ధిపూర్వకమని రుజువుకానిచో దుష్ప్రవర్తన కాదనియు ఆ కోర్టువారే చెప్పిరి. ఉద్యోగమును నిజముగా విసర్జించిపోయినవానికి ఏ తీర్పును రక్ష కాదు; కారాదు కూడ.

అయితే తిరుప్పూరు కంపెనీలలో పెక్కు చిన్నవి. స్టాండింగ్ ఆర్డర్లు నూఱుగురు పనివారున్న సంస్థలకని 1946 చట్టమనెను. 2020 పారిశ్రామిక సంబంధముల కోడు ఆ సంఖ్యను 300కు పెంచెను. అది 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చెను. కావున నిప్పుడు నిబంధనలే లేని సంస్థలు మఱింత హెచ్చినవి. నిబంధన లేనిచోట తమ యిష్టమే నిబంధన యని కొందఱు యజమానులు సంతోషించుచున్నారు. ఆ సంతోషము తొందరపాటు. దక్షిణ రైల్వే కేసున 1982లోనే సుప్రీంకోర్టువారు, గైరుహాజరునకై పట్టికనుండి పేరు కొట్టివేయుట రిట్రెంచిమెంటే యనిరి. క్రమశిక్షణ ననుసరించిన శిక్ష కానిచో, యజమాని యే కారణముచే తొలగించినను, ఏడాది సర్వీసుగలవానికి ఒక నెల నోటీసును, ప్రతి సంవత్సరమునకు పదునైదు దినముల జీతమును ఈయవలసినదే. క్రొత్త కోడులోనను ఈ నియమము నిలిచియున్నది. అనగా విచారణ చేసి శిక్షింపుము. లేదా సొమ్మిచ్చి పంపుము. మూడవ మార్గమును చట్టమీయలేదు. “వాడే నిలిచిపోయినాడు” అనునది యా లేని మూడవ మార్గమునకు పెట్టిన పేరు.

పనివారు దొరకక పలకలు కట్టు నూరిలో, పని తెలిసినవానిని పోగొట్టుకొనుటకు యజమాని యేల తొందరపడవలెనని పాఠకు లడుగవచ్చును. జవాబు హాజరుపట్టీలోనే యున్నది. తమిళనాడున 1981 చట్టము ప్రకారము ఇరువదినాలుగు నెలలలో 480 దినములు పనిచేసినవాడు పర్మనెంటు కావలెను. ఐదేండ్లు నిండినవానికి గ్రాట్యుయిటీ చెల్లింపవలెను. నడుమ నొకమాఱు పేరు కొట్టివేసి, నెల తిరుగకమునుపే క్రొత్త కార్డుతో తీసికొన్నచో లెక్క మొదటికి వచ్చును. మనిషి వాడే, మిషను వాడిదే. ఏండ్లు మాత్రము పోవును. కార్మికుని తల్లి జబ్బు యజమాని లెక్కలకు లాభముగా పరిణమించు నీ విధానమును వాణిజ్యమనుటకు మాకు నోరు రాకున్నది. అందఱు యజమాను లిట్టివారని మేమనము. ఊరికి పోయినవారికి ఫోనుచేసి కుశలమడిగి పిలిపించుకొను తెలుగు యజమానులను, తమిళ యజమానులను మేమెఱుగుదుము. వారికడ టైలర్లు నిలుచుచుండుటయు చూచుచున్నాము.

నూలుమిల్లులలోని బాలికల సంగతి యింతకన్న కష్టము. మూడేండ్లు పనిచేసినచో తుదిని పెద్దమొత్తము చేతికిత్తుమని పల్లెలనుండి తీసికొనివచ్చు “సుమంగళి” పద్ధతినిగూర్చి కొంగునాట నెన్నియో విమర్శలు వెలువడినవి. జబ్బుపడి నడుమ నింటికి పోయిన పిల్లకు సర్వీసేగాక, అంతవఱకు కూడిన మొత్తమును సందేహములో పడును. అది జీతములోనుండి నిలిపినసొమ్మే యైనప్పుడు, గైరుహాజరు దాని నెట్లు కాజేయగలదో మాకర్థము కాకున్నది.

మఱి 2020లో జరిగినదేమి? మార్చి 25న దేశమంతయు మూతపడెను. ఒడిషా, బీహారు మొదలగు ప్రాంతముల పనివారును, మన దక్షిణపు పల్లెలవారును తిరుప్పూరు విడిచి దొరికిన దారిని యిండ్లకు పోయిరి. ఎవ్వరికిని సెలవుచీటి లేదు. ఎనిమిది దినముల నిబంధనను తూచి వాడినచో నూరంతయు కొలువు విడిచినట్లే! అట్లని యెవ్వరైన ననిరా? ఆర్డర్లు మరల రాగానే ఫోన్లుచేసి వారిని రప్పించుకొనుటకు కంపెనీలు పడిన ప్రయాస యందఱెఱిగినదే. అనగా రానివాడు విడిచినవాడు కాడను సత్యము యజమానులకును బాగుగానే తెలియును. అవసరమున్నప్పుడు ఫోను నంబరు దొరకును; పేరు కొట్టివేయునప్పుడు తాళమువేసిన గది చిరునామా దొరకును.

ఇక మనసంగతి. ఆ కార్మికుడు తెచ్చిన జాబును చూడగానే దాని నెవరు వ్రాసియుందురో మాకు తెలిసెను. వ్యక్తిని కాదు, తరగతిని. చెన్నపట్టణముననో కోయంబత్తూరుననో యొక యాఫీసులో, మనవంటి పట్టభద్రుడే, పాత ఫైలులోని నమూనాను తీసి, పేరును తేదీయు మార్చి పంపిన జాబది. మేమును మా తొలిదినములలో నట్టివి వ్రాసితిమి; చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. అది జవాబు రప్పించుటకు వ్రాసిన జాబు కాదు, జవాబు రాకుండుటకు వ్రాసినది. భాష తెలియనిది, చిరునామా లేనిచోటిది, గడువు పోస్టుమాన్ నడకకన్న తక్కువది. పిదప “ఎట్టి సంజాయిషీయు రాలేదు” అని ఫైలులో వ్రాసికొనుటకు మాత్రము సరిపోవును.

ఇట్టి జాబునకు మాఱుగా వ్రాయవలసినదానికి గొప్ప పాండిత్య మక్కఱలేదు. వానికి చదువవచ్చిన భాషలో, తమిళుడైన తమిళమున, ఒడియావాడైన ఒడియాలో, “నీవేల రాలేదు? ఎప్పుడు రాగలవు?” అని యడుగవలెను. దానిని తిరుప్పూరు గదికేగాక, కొలువులో చేరిననాడు వ్రాసియిచ్చిన స్వగ్రామపు చిరునామాకును పంపవలెను. చేతనున్న ఫోనునకును పంపవలెను. ఫోనులో సూపర్‌వైజరునకు చెప్పిన సెలవు సెలవా కాదా యను తగవు తిరుప్పూరు కేసులలో సగము గలదు. చెప్పిన మాటను సూపర్‌వైజరు ఆ దినమే పుస్తకమున నెక్కించినచో నా తగవే పుట్టదు. పదునైదు దినముల గడువీయవలెను. వచ్చినవానిని గేటు లోపల కూర్చుండబెట్టి, అతడు చెప్పినది వ్రాసికొని, కాగితములు చూడవలెను. చూచినపిదప నబద్ధమని తేలినచో బర్తరఫు చేయవచ్చును. ఆ యుత్తరువులో కారణమును వ్రాయవలెను. ఇది కార్మికుని మీది దయ కాదు. కోర్టులో పండ్రెండేండ్లు తిరుగుటకన్న యజమానికిని చౌక.

జబ్బువలన కలిగిన తాత్కాలిక గైరుహాజరు కొలువు తీసివేయుటకు కారణము కాదనియు, చెప్పుకొనుటకవకాశమీయక యెవ్వరిని తొలగింపరాదనియు అంతర్జాతీయ కార్మికసంస్థవారు 1982లో 158వ ఒప్పందమున వ్రాసిరి. మన దేశమింకను దానిపై సంతకము చేయలేదు. చేయునంతవఱకు మన క్లయింటులకు మనము చెప్పు సలహాకైనను అడ్డములేదు గదా. స్టాండింగ్ ఆర్డర్లు వర్తింపని చిన్న కంపెనీ యజమాని మనయొద్దకు వచ్చి “చట్టమేమనును?” అని యడిగినప్పుడు, 1963 తీర్పును చూపి 1993 తీర్పును దాచకుండుట మన చేతిలోని పని.

ఆ కార్మికునకు దావా వేయుమని మేము సలహా చెప్పితిమి. ఎన్నాళ్లు పట్టునని యడిగెను. ఉన్నమాట చెప్పితిమి. కాగితములు మడిచి సంచిలో పెట్టుకొని, తల్లికి మందులు కొనవలెననియు, ఎదురువీధి కంపెనీలో ఓవర్‌లాక్ మిషనొకటి ఖాళీగా నున్నదనియు చెప్పి వెడలిపోయెను. మొన్న విచారింపగా నతడచ్చటనే పనిచేయుచున్నాడట. క్రొత్త కార్డుమీద చేరినతేదీ యేప్రిలునెలది.